ఆపు పేజీకి దాత కావలెను

"ఈ భూమ్మీద తెలుగువాడు ఒక్కడు మిగిలినా సరే, ఇకమీదట ఏ యంత్రమూ ఇంగ్లీషు మాట వినరాదు!"

జగిత్యాలలోని ఒక ఫంక్షన్ హాలులో మాధవ రావు గారు ఇలా శాసించారు. యంత్రాలు విన్నాయో లేదో తెలియదు గానీ, జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ సభ ఆహ్వాన పత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంగ్లీషులోనే ఉంది. అందులో తప్పేమీ లేదు. అది మనుషుల కోసం అచ్చు వేసింది, యంత్రాల కోసం కాదు!

మాధవ రావు గారు తెలుగు యంత్రభాషా సేవా పరిషత్తుకు అధ్యక్షులు. తాతల నాటి దొరతనం పోయింది గానీ, అధ్యక్షత వహించే అలవాటు పోలేదు. నాలుగు కుర్చీలు వేసిన చోటల్లా నడిమి కుర్చీ ఆయన్ను చూసి తనంతట తనే ముందుకు జరుగుతుంది.

అదే హాలులో చివరి వరుసలో ఎల్లేశం కూర్చుని ఉన్నాడు. లబ్ధిదారుడు ఒకడు లేకపోతే సభకు నిండుతనం రాదని పరిషత్తువారు అతన్ని సిరిసిల్ల నుంచి పిలిపించారు. మనిషికి అరవై దాటాయి. చదివింది మూడో తరగతి. నలభై ఏళ్లుగా సాంచాల మీద బట్ట నేస్తున్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు కాబట్టి, మాట్లాడడమే దండగని ఎల్లేశం ఎప్పుడో తేల్చుకున్నాడు. "పెండ్లినాడు ఒక్కపారి ఊ అన్నడు. గా ఊ తోటే ఇన్నేండ్లు ఎల్లదీస్తున్నడు" అని అతని భార్య వజ్రమ్మ వాడకట్టంతా చెబుతుంది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి.

కోరుట్లలో మోటార్లకు వైండింగ్ చేసే అబ్దుల్ రహీంకు జేబా అని ఒక కూతురు. ఇంజనీరింగు చదివింది. చదివి ఊరుకోకుండా యంత్రానికి తెలుగులో పని చెప్పే ఒక ప్రోగ్రామింగు భాషను తయారు చేసింది. పేరు 'పోగు'. ఆ భాష తెలిసిన చిన్న పెట్టెను సాంచాకు బిగిస్తే, దారం ఎక్కడ తెగినా పెట్టె కనిపెట్టి సాంచాను నిలుపుతుంది. మొదటి పెట్టె ఎల్లేశం సాంచాకే బిగించింది.

ఆ పెట్టె ఎల్లేశం పాలిట దేవుడు. ఎందుకంటే అతని కళ్లకు తెగిన దారం కనపడడం మానేసి రెండేళ్లయింది. దారం తెగినా సాంచా నడుస్తూనే ఉంటే బట్ట పాడవుతుంది. బట్ట పాడైతే సాంచాల యజమాని సేటు ఊరుకోడు. పెట్టె సాంచాను ఆపినన్నాళ్లు సేటు ఎల్లేశంను ఆపడు. పెట్టె ఆపకపోతే, మర్నాటి నుంచి ఎల్లేశంకు ఇంటి అరుగే గతి!

భాష పుట్టగానే సరిపోదు. భాషతో పాటు సిద్ధం చేసిన ఆజ్ఞలు కొన్ని ఇవ్వాలి. ఆరంభించు, ఆపు, పెంచు, కలుపు, వరుసపెట్టు, ఇట్లా. కొత్త కోడలికి అత్తగారు పోపుల డబ్బా అప్పగించినట్టన్నమాట. దీన్నే స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. ఏ గిన్నెలో ఏముంది, ఏ కూరకు ఎంత వేయాలి అని చీటీలు రాసి అంటించడం డాక్యుమెంటేషన్. చీటీలు లేకపోతే కోడలు ఏం చేస్తుంది? పాయసంలో ఇంగువ వేస్తుంది!

అందుకని జేబా ఒక నియమం పెట్టుకుంది: వివరించే పేజీ లేని ఆజ్ఞ భాషలో ఉండరాదు. ఎంత న్యాయమైన నియమం! కానీ మూడు వందల పైచిలుకు ఆజ్ఞలకు పేజీలు రాసి అచ్చు వేయించడం ఒక్క పిల్ల వల్ల అయ్యే పనా? అప్పుడే మాధవ రావు గారు పెద్ద మనసు చేసుకుని ఆ పేజీల గ్రంథాన్ని పరిషత్తు తరఫున నెత్తిన వేసుకున్నారు. వేసుకుంటూ ఇంకో నియమం చేర్చారు: దాత లేని పేజీ గ్రంథంలో ఉండరాదు. ఇదీ ఘనమైన నియమమే!

దీన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. మన వైపు గుడిలో ఫ్యాను తిరిగితే దాని రెక్క మీద దాత పేరు కూడా తిరుగుతుంది. బడిలో పిల్లవాడు కూర్చునే బెంచీ మీద ఎవరి తండ్రి జ్ఞాపకార్థమో ఉంటుంది. బస్టాండులో చలివేంద్రం కుండ చిన్నది, దాత ఫ్లెక్సీ పెద్దది. మరి ప్రోగ్రామింగు భాష ఏం పాపం చేసింది?

పేజీలు వేడి మిర్చి బజ్జీల్లా పోయాయి. 'గరిష్ఠం' అనే ఆజ్ఞను మాధవ రావు గారే తమ తండ్రిగారి పేర తీసుకున్నారు. 'పెంచు'ను కోరుట్ల రియల్ ఎస్టేట్ మహేందర్ ఎగరేసుకుపోయాడు. 'కలుపు' పెళ్లి సంబంధాలు చూసే రాజలక్ష్మికి దక్కింది. 'ఆరంభించు'ను ఇంకో దొరల ఇంటి వారసుడు సాకేత్ రావు, గుర్రం మీద కూర్చున్న తన తాతగారి ఫొటోతో సహా ఆక్రమించాడు. 'విడగొట్టు'ను చాలాకాలం ఎవరూ ముట్టలేదు. చివరికి విడాకుల కేసులు చూసే ఒక వకీలు సంతోషంగా తీసుకున్నాడు. 'తుడువు'ను ఫినాయిల్ వ్యాపారి తీసుకున్నాడు.

ఒక్క 'ఆపు' మాత్రం మిగిలిపోయింది.

జేబా ఆ సంగతి చెప్పడానికి సిరిసిల్ల వచ్చింది. షెడ్డులో ఎల్లేశం సాంచా పక్కన నిలబడి గట్టిగా అరిచింది.

"తాతా! ఒక మాట చెప్పాలె, గుండె గట్టిగ చేసుకో!"

ఎల్లేశం సాంచా నిలిపి ఆమె వైపు చూశాడు. చెప్పమని అర్థం.

"అన్నిటికి దాతలు దొరికిండ్రు. ఆపుకు ఎవలు ఒస్తలేరు."

"ఎందుకు?"

"అశుభమట."

"దారం తెగుడు శుభమా?"

ఆ వారంలో ఎల్లేశం పలికిన అతి పొడుగు మాట అదే.

"దాత లేకుంటె పేజీ లేదు. పేజీ లేకుంటె ఆజ్ఞ తీసెయ్యాలె. గా రూలు నేనే పెట్టిన తాతా, ఇప్పుడు నేనే ఎట్ల తప్పుత? ఒచ్చే నెల కొత్త పోగు అన్ని పెట్టెలల్లకు దానంతటదే దిగుతది. దాంట్ల ఆపు ఉండది."

ఎల్లేశం తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"నా పేరు రాయ్."

"గదీ అడిగిన. సాకేత్ రావు సారు ఒప్పుకుంటలేడు. ఆపు పక్క పేజే ఆయనది. ఆయన తాత ఫొటో పక్కపొంటి నీ ఫొటో ఒస్తె గుర్రం బెదురుతదట!"

ఎల్లేశం మళ్లీ సాంచా నడిపాడు. సాయంత్రం ఇంటికి పోయి, బట్టల పెట్టెలోంచి తెల్ల అంగీ తీసి కొక్కేనికి తగిలించాడు. వజ్రమ్మ బిత్తరపోయింది.

"ఎటు పోతవయ్యా? పెండ్లా, దినమా?"

"దాత కోసం."

"నువ్వా? అడుక్కునుడు మొదలు పెట్టినవా? నోరు ఇప్పకుంట ఎట్ల అడుగుతవు?"

ఎల్లేశం తెల్లవారి మొదటి బస్సుకు కోరుట్ల పోయాడు.

మహేందర్ ఆఫీసు అద్దాల ఆఫీసు. లోపలికి అడుగు పెట్టినవాడికి కొన్నా కొనకపోయినా ఒక గుడ్డ సంచి ఇస్తారు. దాని మీద మహేందర్ రెండు చేతులు జోడించి, ముప్పై రెండు పళ్లతో నవ్వుతుంటాడు. ఎల్లేశం చేతిలోనూ ఒక సంచి పెట్టారు.

"రా పెద్దమనిషీ, కూసో. మల్లాపూర్ రోడ్డుల తూర్పు ముఖం ప్లాటు ఒక్కటే మిగిలింది. ఎవలి కోసం, కొడుకు కోసమా?"

"పేజీ కోసం."

"ఏం పేజీ?"

"ఆపు."

మహేందర్ కుర్చీలోంచి లేచాడు. గణపతి ఫొటో వైపు తిరిగి రెండు చెంపలూ వేసుకున్నాడు.

"ఓ తాతా! బోణీ గూడ కాలే, గా మాటనా అనేది! మా డ్రైవర్‌తోని గూడ పక్కకు పెట్టు అంట గని గా మాట అనను, తెల్సా? నా రిజిస్ట్రేషన్లు ఏమైపోవాలె! గా జగిత్యాల ముసలి దొర ఉన్నడు సూడు, ఆయనకు అంటగట్టు పో. ఆయన దొరతనం ఆగిపోయి యాభై ఏండ్లాయె. ఆపు ఆయనకే మంచిగ ఒప్పుతది!"

ఎల్లేశం దండం పెట్టి, సంచి చేతబట్టుకుని జగిత్యాల బస్సెక్కాడు.

మాధవ రావు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. సరిగ్గా చెప్పాలంటే, పేపరులో తమ ఫొటో ఉందో లేదో చూస్తున్నారు. ఎల్లేశంను చూసి, "ఏం ఎల్లేశం, ఇంత దూరం వచ్చినవ్?" అన్నారు. అంతలో ఆయన కళ్లు సంచి మీద పడ్డాయి. సంచి మీద మహేందర్ నవ్వుతున్నాడు.

"మహేందర్ దగ్గరికెంచి వస్తున్నవా?"

"ఔ దొరా."

"ఏం పని?"

"ఆపు పేజీ."

"అడిగినవా? ఏమన్నడు?"

ఎల్లేశం ఇరకాటంలో పడ్డాడు. మహేందర్ అన్న మాట ఉన్నదున్నట్టు పెద్దమనిషి ముఖం మీద ఎట్లా చెప్పడం? అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. అబద్ధానికి మాటలెక్కువ కావాలి.

"చెప్పరాదు దొరా."

"చెప్పద్దన్నడా?"

ఎల్లేశం నేల వైపు చూశాడు.

"నా పేరు గిట్ల తీసిండా?"

"తీసిండు దొరా."

"ఏమని తీసిండు?"

ఎల్లేశం సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

మాధవ రావు గారు కళ్లద్దాలు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. రాజకీయాలు ముప్పై ఏళ్లు చూసిన బుర్ర అది. ఎదుటివాడు చెప్పింది దానికి సరిగ్గా ఎక్కదు గానీ, చెప్పనిది మాత్రం ఇట్టే ఎక్కుతుంది! మహేందర్ ఊరికే సంచి ఇస్తాడా? ఇచ్చినవాడు చెప్పవద్దని ఎందుకంటాడు? నన్ను అణగదొక్కి ఆపును చాటుగా కొట్టేయాలని చూస్తున్నాడన్నమాట! అందులో ఏదో మర్మం లేకపోతే ప్లాట్లవాడికి దాని మీద కన్నెందుకు పడుతుంది?

"ఎల్లేశం! ఆపు అంటె ఏందో తెల్సా నీకు?"

"తెల్సు దొరా. దారం తెగితె..."

"నిగ్రహం! ఆపు అంటె నిగ్రహం! కోరికను ఆపు, కోపాన్ని ఆపు! మన రుషులు చెప్పింది గదే గద! గసొంటి మాటను ఆ ప్లాట్లమ్ముకునేటోని చేతుల పెడ్తమా? రాసుకో. గరిష్ఠం నాయన పేరు మీద, ఆపు నా పేరు మీద!"

ఎల్లేశం రాసుకోలేదు. దండం పెట్టి బయటికి వచ్చాడు. బస్సులో కూర్చున్నాక, ఈ రోజు తాను ఏం మాట్లాడితే పనైందని వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. వేళ్లు చాలా మిగిలాయి.

ఆ సాయంత్రానికే పరిషత్తు వాట్సాప్ గ్రూపులో దొరగారి ఆపు మీద ఒక వ్యాసం వచ్చింది. కోరుట్లలో అది చదివి మహేందర్ రగిలిపోయాడు. "గా పేజీ ముందుగాల నన్నే అడిగిండ్రు! సాక్షం ఉన్నది!" అన్నాడు. పొద్దున దాని పేరెత్తితే చెంపలు వేసుకున్న మనిషి, రాత్రికి దాని కోసం ప్రాణమిస్తానన్నాడు. పక్క పేజీవాడిని నేనుండగా వాళ్లకెట్లా ఇస్తారని సాకేత్ రావు మూడోవాడిగా దిగాడు. అశుభం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు!

పరిషత్తు అత్యవసరంగా సమావేశమైంది. లబ్ధిదారుడి హోదాలో ఎల్లేశంను కూడా గోడ పక్కన కూర్చోబెట్టారు. ముగ్గురూ దాతలే, ముగ్గురి ఫొటోలూ ఆపు పేజీలోనే వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరి ముందు ఎవరిది? అక్కడ చిక్కు వచ్చింది.

జేబా ల్యాపుటాపు తెరిచింది. "కొట్లాట ఎందుకు సార్? మన పోగు భాషల 'వరుసపెట్టు' అని ఆజ్ఞ ఉన్నది. పేర్లు ఇస్తె అక్షరాల తీరుగ పేరుస్తది."

తెర మీద మహేందర్, మాధవ రావు, సాకేత్ రావు అని పడింది.

"యంత్రం చెడిపోయింది" అన్నారు మాధవ రావు గారు.

"చెడిపోలే సార్. మ ముందు, మా తర్వాత."

"చూసిండ్రా!" అని మహేందర్ బల్ల గుద్దాడు. "యంత్రానికి పక్షపాతం ఉండది!"

"పక్షపాతం కాదు, సంస్కారం లేదు! బిడ్డా, పెద్దల పేరు వస్తె ముందు పెట్టాలని దానికి నేర్పు."

"గట్ల నేర్పితె గది వరుస కాదు సార్, పెండ్లి కార్డు అయితది!"

పెద్దవాళ్లు చాలాసేపు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. గ్రంథంలో అధ్యక్షులవారిది ముందు అచ్చు వేయాలి. గ్రంథంలో అచ్చయింది ప్రమాణం కాబట్టి, ఆ తర్వాత యంత్రమే గ్రంథాన్ని చూసి తనను తాను దిద్దుకోవాలి! జేబా నెత్తి పట్టుకుంది. కార్యదర్శి తీర్మానం రాసుకున్నాడు.

అంతా అయ్యాక చూస్తే మూడు ఫొటోలు, మూడు వంశచరిత్రలు, ముగ్గురి బిరుదులతో పేజీ నిండిపోయింది.

"వివరణ ఎక్కడ సార్?" అని అడిగింది జేబా.

"ఏం వివరణ?"

"ఆపు ఏం చేస్తది, ఎప్పుడు పిలవాలె, ఆగినంక మళ్ల ఎట్ల నడపాలె అని. ఆరు లైన్లు రాసిచ్చిన గద."

"జాగ ఏది బిడ్డా? ఈసారికి పోనీ."

జేబా లేచి నిలబడింది. "వివరణ లేకుంటె గది పేజీ కాదు సార్, ఫ్లెక్సీ. పేజీ లేకుంటె ఆజ్ఞ ఉండది. నేను ఆపును తీసేస్తున్న."

గోడ పక్కన ఎల్లేశం కుర్చీ అంచుకు జరిగాడు. దాతను తెచ్చాడు. ఒకడు కాదు, ముగ్గురు దొరికారు. ముగ్గురు దొరికినందువల్లనే మళ్లీ ఆపు పోయేట్టుంది! ఇక చూస్తూ ఊరుకోలేక రెండు చేతులూ జోడించి లేచాడు.

"దొరా! ఒక్క లైను."

ఎన్నడూ నోరెత్తని మనిషి నోరెత్తేసరికి సభ కరిగింది. ఒక్క లైనుకు చోటివ్వడానికి సాకేత్ రావు తన బిరుదుల్లోంచి ఒకటి త్యాగం చేశాడు. ఇక ఆరు లైన్లను ఒక్క లైను చేయాలి. తలా ఒక మాట కొట్టేశారు. దారం అనే మాట రైతు దాతలకు అర్థం కాదని ఒకరు కొట్టేశారు. తెగడం అశుభమని ఇంకొకరు కొట్టేశారు. సాంచా అనేది సిరిసిల్ల మాట, జగిత్యాల గ్రంథంలో ఎందుకని వేరొకరు కొట్టేశారు. చివరికి మిగిలింది ఇది:

ఆపు: ఆపును.

"ఆహా! ఎంత క్లుప్తం! సూత్రం లెక్క ఉన్నది!" అన్నారు మాధవ రావు గారు. సభ్యులు ఎంత ముచ్చటపడ్డారంటే, గ్రంథమంతా అదే శైలిలో ఉండాలని అప్పటికప్పుడే తీర్మానించారు. పెంచు: పెంచును. కలుపు: కలుపును. ఆరంభించు: ఆరంభించును. మిగిలిన చోటంతా దాతలకే!

మెట్లు దిగుతూ జేబా కళ్లు తుడుచుకుంది. "గిదేం డాక్యుమెంటేషన్ తాతా? ఎవలికి పనికొస్తది?"

"ఆపు ఉన్నదా?"

"ఉన్నది."

"సాలు బిడ్డా" అన్నాడు ఎల్లేశం. ఆ రాత్రి అతను కడుపునిండా తిని పడుకున్నాడు.

గ్రంథం విడుదలైంది. మోయడానికి ఇద్దరు కావాలి. కొత్త పోగు పెట్టెల్లోకి దిగింది. సిరిసిల్లలో దారం తెగినప్పుడల్లా సాంచా ఆగుతోంది, ఎల్లేశం ముడి వేస్తున్నాడు, సేటు మాట్లాడకుండా పోతున్నాడు. అంతా సవ్యంగా ఉందనగా ఒక ఉదయం షెడ్డు ముందు మూడు కార్లు ఆగాయి.

తమ ఆపు పని చేస్తుండగా ఫొటో తీయించుకోవాలని మాధవ రావు గారు వచ్చారు. వెంట గ్రంథం, గ్రంథం మోసేవాళ్లు, పక్కన మహేందర్, ముందు ఫొటోగ్రాఫర్. అందరూ ఎల్లేశం సాంచా చుట్టూ నిలబడి దారం ఎప్పుడు తెగుతుందా అని చూశారు. పావుగంటయింది. అరగంటయింది. ఆ రోజు దారం గట్టిది, తెగనే లేదు.

"ఎల్లేశం, ఒక దారం తెంపు" అన్నారు దొరగారు.

"తెగితె కట్టుడు ఒస్తది దొరా. తెంపుడు రాదు."

దొరగారు ఓపిక పట్టలేకపోయారు. జేబులోంచి సన్మానంలో వచ్చిన పెన్ను తీసి, పడుగులోకి గుచ్చి, ఒక దారం తామే తెంపారు. సాంచా టక్కున ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫర్ పది ఫొటోలు తీశాడు.

"సార్, ఇగ మీ చేతితోనే మళ్ల నడిపియ్యుండ్రి, వీడియో తీస్త!"

దొరగారు పెట్టె ముందు నిలబడ్డారు. పెట్టె మీద మూడు మీటలున్నాయి. మూడూ ఒక్క తీరే. వంగి, మెల్లగా అడిగారు.

"ఎల్లేశం, ఏది నొక్కాలె?"

ఎల్లేశం తెగిన పోగును కంటికి దగ్గరగా పెట్టుకుని ముడి వేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"బుక్కుల సూడుండ్రి దొరా."

వీడియో నడుస్తూనే ఉంది. దొరగారు గంభీరంగా చేయి చాచారు. ఇద్దరు మనుషులు గ్రంథం తెచ్చి విప్పి పట్టుకున్నారు. ఆరంభించు పేజీలో సాకేత్ రావు తాతగారు గుర్రం మీద ఉన్నారు. ఆయన కింద 'ఆరంభించును' అని ఉంది. దొరగారు పేజీ తిప్పారు. ముగ్గురు దాతల్లో ముందు తామే ఉన్నారు. మళ్లీ తిప్పారు. రాజలక్ష్మి, ఫినాయిల్ వ్యాపారి, వకీలు వరసగా నవ్వారు. ఇంకా తిప్పారు. తండ్రిగారు కనిపించారు. ఆయనా ఏ మీట నొక్కాలో చెప్పలేదు.

దొరగారు గ్రంథం మూయించి, గొంతు సవరించుకున్నారు.

"ఇది చదివేటోల్ల గ్రంథం ఎల్లేశం, పని చేసేటోల్లది కాదు. ఫొటో వచ్చింది గద, నువ్వే నడిపియ్."

ఎల్లేశం ముడి బిగించి, మీట నొక్కాడు. సాంచా మోతలో, దొరగారు ఆ తర్వాత కెమెరాకు ఏం చెప్పారో ఎవరికీ వినపడలేదు.